వీపు రెక్క మీద ముడి

నేను ఒక భూతద్దాన్ని. ఇత్తడి అంచు, నల్లకొమ్ము పిడి, అరచేతి వెడల్పు గాజు. ఇప్పుడు ఆ గాజుకి అడ్డంగా ఒక చీలిక ఉంది. అది ఎలా పడిందో చెప్పాలంటే చేపముల్లు గురించి జరిగిన గొడవతో మొదలుపెట్టాలి.

భీమిలి దాటాక సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక పేటలో, మైలపల్లి మసేను ఇంట్లో, మూడేళ్ళుగా భోజనాల వేళ నా పేరు మోగని రోజు లేదు.

"ఓలే కొర్లా, నా బూతద్దం ఏదే?"

మసేను చూపు మందగించిన ముసలి మత్స్యకారుడు. పులుసులో చేపముక్కని కంచం అంచుకి లాగి, నన్ను దాని మీద ఆనించి, ముల్లు తరవాత ముల్లు ఏరి తింటాడు. సముద్రంలో సగం జీవితం గడిపినవాడికి చేపముల్లంటే భయం ఏమిటని ఎవరైనా అడిగితే, పట్టినవాడికే తెలుస్తుంది అంటాడు.

"నన్నడుగుతావేటి? నీ కోడలు సంచీలో ఎట్టుకుని ఎల్లిపోనాది," అనేది ఆయన భార్య కొర్లమ్మ.

ఒక రోజు కోడలు నూకరత్నం గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆయన అందుకున్నాడు. "ముసలోడి గొంతులో ముల్లు ఇరిగినా పర్నేదు. ఆవిడికి సేపల పొటోలు సూసుకోవాలి!"

"చేపలు కావు మావయ్యా, డాల్ఫిన్లు. అవి చేపల్లో లెక్క కాదు."

"నీల్లల్లో ఉంటే సేపే."

"మీరు నలభై ఏళ్ళు నీళ్ళలోనే ఉన్నారు కదా మరి."

కొర్లమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. మసేను మీసం నములుతూ చేయి చాచి నన్ను లాక్కున్నాడు. ఆ రోజుకి గొడవ అక్కడితో సరి. ఆ ఇంట్లో నా మీద ఇద్దరికి హక్కు ఉండేది. ఒకరికి నేను ముల్లు చూపించాలి, ఇంకొకరికి గాయం.

గాయాలు నాకు కొత్త కాదు. నా పుట్టుకే రాపిడిలో జరిగింది. ఉత్తరాదిన ఒక ఊళ్ళో, రేకుల షెడ్డులో, ముద్దగా ఉన్న నన్ను ఇనుప గిన్నెకి అదిమి, గరుకు పొడి చల్లి, రెండు రోజులు అరగదీశారు. నేను వంపు తిరిగేలోపు నన్ను పట్టుకున్న పనివాడి అరచేయి రెండు చోట్ల తెగింది. అతను చేతికి గుడ్డ చుట్టుకుని మళ్ళీ అరగదీశాడు. నా గుండా లోకాన్ని మొదట చూసినవాడు అతనే. చూసింది తన చేతి కోతనే.

తరవాత నేను విశాఖపట్నంలో ఒక వేలిముద్రల నిపుణుడి బల్ల మీదికి చేరాను. ఆయన పేరు కొప్పరపు విశ్వేశ్వరం. సన్నటి మనిషి, పొడుగు చేతుల చొక్కా, మాట తక్కువ. ఆయన దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేశాను. గొడ్డలి పిడి మీద బొటనవేలు, పగిలిన సీసా మీద చూపుడువేలు, ఉయ్యాల కొయ్య మీద అయిదు వేళ్ళూ చూశాను. నా కిందికి ఎర్రగా వస్తే నెత్తురు, నల్లగా వస్తే సిరా. రెండిట్లోనూ గీతలు ఒకటే. చంపేటప్పుడు మనుషులు ఎంత ఆలోచిస్తారో, చేతులు తుడుచుకునే దగ్గరకొచ్చేసరికి అంత అజాగ్రత్తగా ఉంటారు.

ఆ రోజుల్లోది ఒక్క కేసు మాత్రం చెప్పాలి. ఒక ఇల్లాలిని చెంప మీద కొట్టి, గొంతు పిసికి చంపారు. చెంప మీద ఉంగరం దిగబడిన గుర్తు ఉంది. అందులో నెలవంక, కొనలు కుడివైపుకి. భర్త వేలికి నెలవంక ఉంగరమే ఉంది, కానీ దాని కొనలు ఎడమవైపుకి. విశ్వేశ్వరం సెలవులో ఉన్నాడు. ఆయన కింద పనిచేసే కుర్ర ఉద్యోగి ఉంగరాన్నీ చెంప ఫోటోనీ పక్కపక్కన పెట్టి, ఇది అది కాదని రాసేశాడు. భర్త ఇంటికి వెళ్ళిపోయాడు. పక్కింటి చాకిరేవు మనిషిని తీసుకొచ్చి రెండు రోజులు కొట్టారు. కాళ్ళ మీద కొట్టారు, చెవుల మీద కొట్టారు.

విశ్వేశ్వరం తిరిగొచ్చి ఫోటో చూశాడు. ఆ ఉంగరం తెప్పించి, తన ముంజేతి మీద పెట్టి, చర్మం కందేదాకా నొక్కాడు. తీసి చూస్తే నెలవంక కొనలు కుడివైపుకి ఉన్నాయి.

"వస్తువు వేరు, దాని ముద్ర వేరు. ముద్రలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది," అని మాత్రం అన్నాడు. భర్తని పట్టుకున్నారు. చాకిరేవు మనిషిని వదిలేశారు. అతనికి కుడిచెవి మళ్ళీ వినబడలేదు. ఆ కుర్ర ఉద్యోగికి ఏమీ కాలేదు. పొరపాటు చేసినవాళ్ళకీ దెబ్బలు తిన్నవాళ్ళకీ మధ్య దూరం ఎంత ఉంటుందో నేను ఆ బల్ల మీదే తెలుసుకున్నాను.

విశ్వేశ్వరం పోయాక ఆయన పుస్తకాలతోపాటు నన్నూ పాత సామాన్ల కొట్టుకి వేసేశారు. అక్కడ తుప్పు పట్టిన తాళాల మధ్య పడి ఉండగా మసేను నన్ను ఎత్తాడు. ఎత్తిన చేతిని చూసి నేను ఉలిక్కిపడ్డాను. కుడిచేతికి చూపుడువేలు, మధ్యవేలు కణుపుల దగ్గరికి లేవు. పాతికేళ్ళ కిందట తుఫాను గాలిలో లంగరు తాడు బిగుసుకుని, ఆ రెండు వేళ్ళనీ పడవ అంచుకేసి తెంపుకుపోయింది. ఇన్నేళ్ళు వేళ్ళ గీతలు చదివిన నాకు, చదవడానికి గీతలే లేని చెయ్యి అది.

కానీ ఆయన ముద్ర వేరే చోట ఉంది. వల బాగుచెయ్యడంలో మసేనుని మించినవాడు ఆ పేటలో లేడు, కానీ సొంత వల తప్ప ఇంకొకరిది ముట్టడు. ఆ తీరంలో వల చిరిగినచోట అందరూ దారాన్ని జంటగా చుట్టి ముడి వేస్తారు. ఆ జంట చుట్టు ముడి ఒక ముఖాన మాత్రమే ఉబ్బుగా కనిపిస్తుంది. కుడిచేత్తో వేసినవాడి ముడిలో ఆ జంట కుడివైపుకి వాలుతుంది. వేళ్ళు పోయాక మసేను ఎడమచేత్తో నేర్చుకున్నాడు. ఆయన ముడిలో జంట ఎడమవైపుకి వాలుతుంది. ఆ చుట్టుపక్కల పేటల్లో అలా వాలే ముడి ఇంకొకరిది లేదు. ఆయన వసారాలో కూర్చుని, నన్ను ముడి మీద ఆనించి, "ఇది నా సంతకవే," అని కోడలికి చూపించేవాడు. ఆయన సంతకం పెట్టడం ఎప్పుడూ నేర్చుకోలేదు.

నూకరత్నం జంతుశాస్త్రం చదివి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. భీమిలిలో రెండు గదుల అద్దె ఇంట్లో డాక్టర్ మృణాళిని అనే శాస్త్రవేత్త తీరం వెంట తిరిగే డాల్ఫిన్లని లెక్కతేలుస్తూ, పడవల భాష తెలిసిన సహాయకురాలి కోసం వెతుకుతోంది. రత్నం చేరింది. పడవ మీంచి తీసిన వందల ఫోటోల్లో ప్రతి డాల్ఫిన్ వీపు రెక్కనీ పాత ఫోటోలతో పోల్చి, ఇది ఫలానాదని తేల్చడం పని. ఫోటోలని కాగితం మీద అచ్చు వేయించేవారు.

"తెర మీద పెద్దది చేసుకుంటూ పోతే చివరికి మనకి కావలసిందే కనిపిస్తుంది," అనేది మృణాళిని. ఇంకో నియమం కూడా ఉండేది. ఇద్దరూ విడివిడిగా చూడాలి, రాసుకున్నాకే మాట్లాడుకోవాలి. అక్కడ ఉన్న ఒక్క భూతద్దం మృణాళినిది. అందుకే నేను సంచీలో ప్రయాణం చెయ్యవలసి వచ్చింది.

మళ్ళీ నా కిందికి గాయాలే వచ్చాయి. డాల్ఫిన్‌ని గుర్తుపట్టేది అందంతో కాదు, దెబ్బతో. రెక్క అంచు నున్నగా ఉంటే అది ఎవరో చెప్పలేం. సన్నగా తిన్నగా దిగిన గీత వల దారానిది. సమానమైన ఎడంలో లోతుగా పడిన కోతలు పడవ కింద నీళ్ళలో తిరిగే ఇంజను పంకావి. అర్ధచంద్రాకారంలో ఊడిన కండ సొరచేప తిన్నది. దువ్వెన గీసినట్టున్న గీతలు తోటి డాల్ఫిన్ల పళ్ళవి. ఏ దెబ్బా తగలనిదానికి పేరు లేదు. దెబ్బ తిని బతికినదానికి ఒక సంఖ్య, ఒక పేరు దొరుకుతాయి.

ఇరవై మూడో సంఖ్య పేరు మెట్లు. పంకా కోసిన మూడు కోతలు దాని రెక్క వెనక అంచున మెట్లలా ఉండేవి. పేరు రత్నమే పెట్టింది. దాన్ని మూడేళ్ళలో ముప్పై ఒక్క సార్లు గుర్తుపట్టింది. ఆఖరి ఏడాది ప్రతి ఫోటోలోనూ దాని పక్కన చిన్న రెక్క ఒకటి ఉండేది, అంచు నున్నగా.

మెట్లు కార్తీకంలో ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఆ ఫోటోలని రత్నం ఒక్కొక్కటిగా నా కిందికి జరిపింది. తల ఒక పక్క లోపలికి కుంగిపోయింది. కింది దవడ రెండుగా విరిగింది. ఒక కన్ను లేదు. రెక్కని మొదలు దగ్గర సగందాకా కత్తితో తెగ్గోశారు. మిగిలిన సగం మీద మూడు మెట్లూ అలాగే ఉన్నాయి. తోకకి తాడు, తాడుకి రాయి కట్టిన గుర్తు. చంపాక మునిగిపోవాలని కట్టారు. రాయి జారిపోయి సముద్రం తిరిగి ఇచ్చేసింది.

శవం పక్కన కత్తితో దొరికినవాడు పక్క పేట దానయ్య. మంచి తాడు వృథాగా పోతోందని కోసుకుంటున్నాను అన్నాడు. ఎవరు నమ్ముతారు? రెండు పేటలకీ, చేపల గుంపుని చుట్టేసి ఊడ్చే రింగు వలల దగ్గర మొదలైన పగ ఉంది. ఆ పని దానయ్యదేనని మా పేటవాళ్ళు నలుగురు చెప్పారు. అటవీ అధికారులు అతన్ని తీసుకుపోయారు. డాల్ఫిన్‌ని చంపిన నేరానికి ఏళ్ళ తరబడి జైలు.

అధికారులు మృణాళినిని నివేదిక అడిగారు. ఇద్దరూ విడివిడిగా చూశారు, ఇద్దరూ మెట్లు అనే రాశారు. అప్పుడు మృణాళిని రెక్క కింద చర్మం మీద దిగిన వల అచ్చు చూపించి, "రత్నం, ఈ జంట గుంటలేమిటి?" అంది.

రత్నం నన్ను ఆనించింది. చర్మంలో రెండేసి గుంటలు, వరసగా, కుడివైపుకి వాలి.

"చిరిగిన వల బాగుచేసిన ముళ్ళు మేడమ్. మా వైపు అందరూ ఇలాగే వేస్తారు. కుడివైపుకి వాలాయి కదా, ఎవరి వలైనా కావచ్చు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఊపిరి తేలికపడింది. అందరిదీ అంటే తన ఇంటిది కాదు. తన మామగారి ముడి ఎడమకి వాలుతుంది. మృణాళినికి డాల్ఫిన్లు తెలుసు, ముళ్ళు తెలియవు. ఆ మాటని అలాగే నివేదికలో పెట్టింది. దానయ్య వలలోనూ బాగుచేసిన ముళ్ళున్నాయి. అతనికి ఇంక దారి మూసుకుపోయింది.

నాకు తెలుసు. అరవడానికి నాకు నోరు లేదు. విశ్వేశ్వరం ముంజేతి మీద కందిన నెలవంక నాకు కనిపిస్తూనే ఉంది.

వారం తరవాత దానయ్య భార్య పోలమ్మ ఆ అద్దె ఇంటి గేటు దగ్గరికి వచ్చి కూర్చుంది. మృణాళిని లోపలికి రమ్మంటే రాలేదు. రత్నం బయటికి వచ్చేదాకా ఉండి లేచింది.

"నువ్వు మసేను కోడలివని ఎరుకే. మీ పేటోల్లని నాను ఏటీ అడగను. కానీ నువ్వు సదువుకున్నదానివి, నీ కళ్ళు మంచియ్యంట. ఆ వల మాది కాదు తల్లీ. మళ్ళీ ఒకసారి సూడు. లోపల ఆడిని కొట్టినారు. సూడ్డానికెళ్తే మొగం తిప్పుకున్నాడు, నాకు సూపించకుండా."

"ఏ వైపు తిప్పుకున్నాడు?" అని రత్నం ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు. పోలమ్మ తెల్లబోయి, తన చేతిని గాలిలో అటూ ఇటూ తిప్పి, "ఆడి ఎడం పక్కకి... నాకు ఎదురుగా ఉన్నాడు కదా, నాకు కుడిపక్క," అంది.

రత్నం తన రెండు అరచేతుల్నీ ఎదురెదురుగా పెట్టి చూసుకుంది. తరవాత లోపలికి వచ్చి, ఫోటోనీ నన్నూ సంచీలో వేసుకుని, సెలవు కూడా అడగకుండా ఇంటికి బయలుదేరింది.

వసారాలో ఎవరూ లేరు. గోడకి వల వేలాడుతోంది. రత్నం మసేను ముడి ఉన్నచోటు వెతికి పట్టుకుంది. ఉబ్బుగా ఉన్న ముఖం లోపలికి వచ్చేలా ఎడమ ముంజేతికి చుట్టింది. కొసని పళ్ళతో పట్టుకుని లాగింది. ఇంకా లాగింది. చెయ్యి ఎర్రబడి, తరవాత నీలమైంది. డాల్ఫిన్ ఎంతసేపు లాక్కుందో అంతసేపు లాగాలనుకుందో ఏమో, వదల్లేదు. విప్పాక నన్ను తీసి చేతి మీద ఆనించింది. పక్కన ఫోటో పెట్టుకుంది.

చేతి మీద జంట గుంటలు. కుడివైపుకి వాలి.

ఆమె నన్ను ఫోటో మీదికి, చేతి మీదికి, మళ్ళీ ఫోటో మీదికి తిప్పింది. ఆఖరికి కుడిచేత్తో వేసిన ముడి ఒకటి, పాత వలలోది, తెచ్చి పక్కనే బిగించింది. దాని అచ్చు ఎడమకి వాలింది. పరీక్షలో ఏ లోపమూ మిగల్లేదు. నేను చూసిన నిపుణులందరిలోనూ తనకి వ్యతిరేకంగా అంత శ్రద్ధగా రుజువు వెతికినవాళ్ళు ఇంకొకరు లేరు.

భర్త ఎల్లాజీ సముద్రం నుంచి తిరిగొచ్చి ఆమెని అలా చూశాడు.

"ఏటే, సెయ్యి కోసుకున్నావా?"

ఆమె ఫోటో అతని ముందు పెట్టింది. "వినాయకుడి నిమజ్జనం అయ్యాక బయటికి తీసిన వల ఇది. కార్తీకంలో మీరు ఒక్కరే పట్టుకెళ్ళారు, మావయ్య జ్వరంతో పడుకున్నారు. మెట్లుని చంపింది మీరేనా?"

"మెట్లేటి, మెట్లు! దానికి పేరొకటి!"

"మీరేనా?"

ఎల్లాజీ మొదట లేదన్నాడు. తరవాత ఇంకెవరో చంపి ఉంటారన్నాడు. ఆ తరవాత గోడకి వీపు ఆనించి ఒక్కసారిగా మొదలుపెట్టాడు.

"వల లాగితే బరువుగా ఉంది, సేపలు బాగా పడ్డాయనుకున్నాను. ఇదొచ్చింది. రెక్కకి సుట్టేసుకుని ఊపిరి తీత్తంది, మడిసి తీసినట్టే తీత్తంది. వల కోసేత్తే సగం పోద్ది, మీ మావ ఆరు నెలల పని. తెడ్డు పుచ్చుకున్నాను. ఒక్క దెబ్బకి సావలేదు. నాకేసే సూత్తంది. ఆ కన్ను సూత్తంటే కొట్టలేక ఆ కన్ను మీదే కొట్టాను. దవడిరిగినా ఊపిరి తీత్తంది. ఎన్ని కొట్టానో ఎరుక లేదు. రెక్క కోసి వల ఇడదీసాను, తోకకి రాయి కట్టి ముంచేసాను. పిల్ల పడవ సుట్టూ తిరుగుతానే ఉంది, పడవని తలతో గుద్దింది. సాలా? ఇంకేటి కావాల?"

"దానయ్య లోపల ఉన్నాడు."

"ఉండనీ! మన వలలు తగలెట్టినోళ్ళు ఆల్లు. ఆడికోసం నీ మొగుణ్ణి పంపుతావా జైలుకి?"

"నేను తప్పు రాశాను. దిద్దాలి."

"దిద్దుతావా? దేంతో దిద్దుతావు? దీంతోనా?"

అతను నన్ను ఆమె చేతిలోంచి గుంజుకున్నాడు. గోడకేసి కొట్టాలనుకున్నాడో, ఆమెకేసి కొట్టాలనుకున్నాడో నేను చెప్పలేను. కొట్టేటప్పుడు మనుషుల చేతికి అంత వివరం ఉండదు. నేను గాలిలో తిరిగాను. నా ఇత్తడి అంచు ఆమె ఎడమ కనుబొమ్మని తాకింది. ఎముక తగిలింది. తరవాత గచ్చు తగిలింది. నాలోపల ఏదో టక్కుమంది.

ఇరవై రెండేళ్ళు నెత్తుటి ముద్రలు చూపించినదాన్ని, నేనే గాయం చేస్తానని ఏనాడూ అనుకోలేదు.

కొర్లమ్మ పరుగెత్తుకొచ్చి కోడలి కనుబొమ్మకి పసుపు అదిమింది. కొడుకుని తిట్టింది, తిడుతూనే, "ఎవరైనా అడిగితే తలుపు తగిలిందని సెప్పు," అని కోడలికి నేర్పింది. డాల్ఫిన్ మీది ప్రతి కోతకీ కారణం రాసిపెట్టే పుస్తకం ఒకటుంది. ఇళ్ళల్లో గాయాలన్నిటికీ ఒకటే కారణం, తలుపు.

ఎల్లాజీ బయటికి పోయి పడవ నీడలో కూర్చున్నాడు. అతని భుజాలు కదలడం గుమ్మంలో పడి ఉన్న నాకు కనిపించింది.

మర్నాడు వేటకి పోని రోజు. మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. వంజరం పులుసు. మసేను ఎప్పటిలాగే చెయ్యి చాచాడు.

"నా బూతద్దం."

రత్నం నన్ను ఇచ్చింది. ఆయన మిగిలిన వేళ్ళతో నా గాజుని తడిమాడు. చీలిక దగ్గర బొటనవేలు ఆగింది. తలెత్తి కోడలి మొహంకేసి చూశాడు. ఆయనకి కనిపించేది మసక మాత్రమే. కానీ ఆ కనుబొమ్మ మీద పసుపు ఎందుకుందో ఆయనకి ముందే తెలుసు.

"నాకు కళ్ళు పోనాయి గానీ సెవులు పోలేదు. నిన్న వసారా ఎనకాలే ఉన్నాను. ఆ పొటో ఇటు తే అమ్మీ."

ఆమె కంచం పక్కన పెట్టింది. ఆయన నన్ను దాని మీద ఆనించాడు. నా చీలిక రెక్కని రెండుగా కోస్తూ కనిపించింది. ఆయన దాన్ని తప్పించుకుంటూ నన్ను మెల్లగా జరిపాడు. గుంటల దగ్గర ఆపాడు. ముళ్ళు ఏరేటప్పటి ఓర్పుతోనే చాలాసేపు చూశాడు. పులుసు చల్లారిపోయింది.

"నా ముడే," అన్నాడు. "నా సంతకం అని గొప్పలు సెప్పుకున్నాను కదా. ఇదుగో, దేని మీద పెట్టించినాడో." ఆమె వైపు తిరిగి, "అమ్మీ, ఇలా రాయి. వల నాది, ముడి నాది, సంపింది నాను. ముసలోణ్ణి, ఎన్నాళ్ళుంచుతారు?"

కొర్లమ్మ గరిటె కింద పెట్టేసింది.

"ఆ రోజు మీరు పడవెక్కలేదు మావయ్యా," అంది రత్నం. ఆమె గొంతు విశ్వేశ్వరం గొంతులా ఉంది, పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. "ఒక తప్పు దిద్దడానికి ఇంకో తప్పు రాయను. రేపు పొద్దున మేడమ్‌కి నా కాయితం ఇస్తాను. ఉన్నదే రాస్తాను. ముడి ఎవరిది, ఆ రోజు వల ఎవరి దగ్గరుంది, మొదట నేను ఎక్కడ పొరబడ్డాను, అన్నీ." ఆమె ఎల్లాజీ వైపు తిరిగింది. కనుబొమ్మ మీద గాయం నా అంచంత వంపుతో, నెలవంకలా ఉంది. "మీరు ముందు వెళ్ళి చెప్పుకుంటే నా కాయితం మీ వెనకాల వస్తుంది. మీరు వెళ్ళకపోతే మీకంటే ముందు వెళ్తుంది. ఏదైనా వెళ్ళడం మాత్రం రేపే."

ఎల్లాజీ చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది. బయట ఎవరో పడవకి తారు పూస్తున్నారు, ఆ వాసన ఇంట్లోకి వస్తోంది.

"పిల్ల కనిపించిందా మళ్ళీ?" అన్నాడు ఎల్లాజీ.

"మొన్న ఒక ఫోటోలో ఉంది. ఒక్కత్తే. నుదుటి మీద దెబ్బ ఉంది, పడవని గుద్దినది. ఇంక గుర్తుపట్టొచ్చు. నంబరు ఇచ్చాను."

మసేను నన్ను ఫోటో మీంచి తీసి, పంచె చెంగుతో తుడిచి, కంచం పక్కన గాజు పైకి ఉండేలా పెట్టాడు. ఆ రోజు చేపముక్కని ముట్టుకోలేదు. ఉత్త అన్నంలో నీళ్ళు పోసుకున్నాడు.

"కొర్లా," అన్నాడు, "రేపు తెల్లారేసరికి ఆపీసుకెల్లడానికి రెండు తెల్ల సొక్కాలు తీసి ఉంచు. నాదొకటి, ఆడిదొకటి."